బృహత్కేంద్రక కణము: పరిపాకదశలో జన్యు వ్యక్తీకరణ

నిర్వచనము

రక్తనాళము తెగినచోట గండిని పూడ్చుటకు మొట్టమొదట చేరునట్టివియు, జనసామాన్యము ప్లేట్‌లెట్లని వ్యవహరించునట్టివియు అగు రక్తఫలకికలను తన కణద్రవ్యమునుండి విడుదల చేయు అస్థిమజ్జలోని భారీకణమునకు బృహత్కేంద్రక కణమని పేరు. వైద్యులు దీనిని మెగాకేరియోసైటు అందురు. మూలకణమునుండి పుట్టినది మొదలు ఫలకికలను విడిచి నశించువరకు ఈ కణమునందు ఏ జన్యువులు ఏ క్రమమున మేల్కొనుచున్నవి, ఏవి ఏ క్రమమున నిద్రించుచున్నవి అను విషయమే ఈ వ్యాసమునకు వస్తువు.

జన్యు వ్యక్తీకరణ యనగా డి.ఎన్.ఏ. నందలి సమాచారము రాయబారి ఆర్.ఎన్.ఏ.గా అనులేఖనమొంది, పిదప ప్రోటీనుగా అనువాదమొందుట. దేహమందలి కణములన్నిటికిని జన్యువులు దాదాపు సమానమే అయినను, ఏ కణమున ఏవి వ్యక్తమగునను భేదముచేతనే ఒకటి ఎర్రకణముగను, ఒకటి తెల్లకణముగను, ఒకటి బృహత్కేంద్రక కణముగను రూపొందుచున్నవి (చూ. జన్యువు, అనులేఖనము).

పరిమాణము, సంఖ్య

మజ్జలోని కేంద్రకసహిత కణములలో బృహత్కేంద్రక కణములు వేయింటికి ఒకటికంటెను తక్కువ. సంఖ్యయందు అల్పములైనను పరిమాణమున అవియే పెద్దవి. పరిపక్వకణము వ్యాసము సాధారణముగా 50 నుండి 100 మైక్రోమీటర్లు. ఆరోగ్యవంతుని రక్తమున మైక్రోలీటరునకు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షలవరకు ఫలకికలుండును. ఒక్కొక్క ఫలకిక ఆయువు 7 నుండి 10 దినములు మాత్రమే కావున, నశించిన వాటి స్థానమును పూరించుటకు వయోజనుని దేహము ప్రతిదినము సుమారు పదివేల కోట్ల ఫలకికలను క్రొత్తగా సృజింపవలసియున్నది. ఒక్కొక్క బృహత్కేంద్రక కణమునుండి వేయి మొదలు మూడువేల వరకు ఫలకికలు జనించునని అంచనా.

చరిత్ర

ఇటలీ దేశీయుడగు జూలియో బిజ్జొజెరో 1882 ప్రాంతమున రక్తఫలకికలను ప్రత్యేక రక్తాంశముగా వర్ణించి, రక్తస్రావమును నిలుపుటయందును, నాళములలో గడ్డలేర్పడుటయందును వాటి పాత్రను తెలిపెను. మజ్జలోని భారీకణములను అంతకుముందే కొందరు చూచియుండినను, వాటిని ఎముకను కరగించు బహుకేంద్రక కణములనుండి వేరుపరచి 1890లో మెగాకేరియోసైటు అని పేరిడినవాడు అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు విలియం హెన్రీ హౌవెల్. ఫలకికలకును ఈ కణములకును గల జన్యజనక సంబంధమును 1906లో జేమ్స్ హోమర్ రైట్ స్థాపించెను. తాను రూపొందించిన రంజకముతో రంగుపట్టించినపుడు భారీకణము కణద్రవ్యమందలి కణికలును, ఫలకికలలోని కణికలును ఒకే తీరుగా కనబడుట ఆయనకు ఆధారమయ్యెను.

ఫలకికల ఉత్పత్తిని ప్రేరేపించు హార్మోను ఉండవలెనని ఊహించి, హంగరీకి చెందిన కెలెమెన్ బృందము 1958లో దానికి థ్రాంబోపోయటిన్ అని పేరు పెట్టినను, అది చేజిక్కుటకు మూడున్నర దశాబ్దములు పట్టెను. ఎలుకలలో రక్తకణముల వ్యాధిని కలిగించు ఒక వైరసును పరిశీలించుచు 1990లో ఒక జన్యువును, 1992లో మానవునియందు దానికి సరియైన ఎంపీఎల్ జన్యువును కనుగొనిన పిమ్మట, ఆ జన్యువు నిర్మించు గ్రాహకమునకు తగులు పదార్థమేదియని అన్వేషించిన పలు బృందములు 1994లో వేర్వేరుగా థ్రాంబోపోయటిన్ జన్యువును వెలికిదీసినవి. దీనితో ఈ కణములను పాత్రలలో పెంచి, దశలవారీగా జన్యు వ్యక్తీకరణమును కొలుచుట సుకరమయ్యెను.

పరిపాక దశలు

రక్తోత్పత్తి మూలకణమునుండి క్రమముగా సామర్థ్యము సంకుచితమగుచు వచ్చి, ఎర్రకణ శాఖకును బృహత్కేంద్రక శాఖకును ఉమ్మడియగు పూర్వకణమేర్పడుననియు, అచట శాఖలు చీలుననియు పూర్వమునుండి వచ్చిన సిద్ధాంతము. అయితే మూలకణములలోనే కొన్ని ఫలకికలవైపు మొగ్గుచూపునవి కలవనియు, అట్టివి మధ్యమ సోపానములను దాటి నేరుగా ఈ మార్గమున ప్రవేశింపగలవనియు 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు తెల్పినవి. ఇట్టి మూలకణములలో, ఫలకికలు గాయమున అంటుకొనుటకు తోడ్పడు వాన్ విల్లిబ్రాండ్ కారకపు జన్యువు ముందే వ్యక్తమగుచుండును.

శాఖ నిశ్చయమైన పిమ్మట కణము మూడు దశలను గడచును. మొదటిది బీజకణదశ, ఇందు కణద్రవ్యము కొలదిగను, నీలవర్ణముగను ఉండును. రెండవది మధ్యదశ; కేంద్రకము తమ్మెలుగా విడివడి కణద్రవ్యము పెరుగును. మూడవది కణికాదశ, కణద్రవ్యము గులాబివన్నెకు మారి కణికలతో నిండును. ఈ దశలను కణోపరితలమందలి గుర్తులచేతను పోల్చవచ్చును. మూలకణ లక్షణమగు సీడీ34 క్రమముగా సన్నగిల్లును. సీడీ41, సీడీ61 ముందుగను, సీడీ42 తరువాతను ప్రకటమగును. సీడీ41, సీడీ61 అను రెండును ఫైబ్రినోజన్‌ను పట్టుకొను గ్రాహకమునకు రెండు భాగములు. సీడీ42 వాన్ విల్లిబ్రాండ్ కారకమును పట్టుకొను గ్రాహకము. ఎంపీఎల్ గ్రాహకమునకే సీడీ110 అని మరియొక పేరు.

అనులేఖన నియామకములు

డి.ఎన్.ఏ.పై నిర్ణీత స్థానములకు అంటుకొని జన్యువులను నడిపించు ప్రోటీనులు అనులేఖన నియామకములు. బృహత్కేంద్రక కణ పరిపాకము ఏ ఒక్క నియామకము చేతిలోనిదియు గాక, కొన్నిటి కూడికచేతను, వంతులవారీ మార్పుచేతను సాగుచున్నది.

గాటా-1: ఎక్స్ క్రోమోసోముపైనున్న ఈ జన్యువును 1989లో ఎర్రకణ పరిశోధకులు కనుగొనిరి. తొలి పూర్వకణములలో డి.ఎన్.ఏ. స్థానములను ఆక్రమించియుండు గాటా-2ను తొలగించి గాటా-1 ఆ స్థానములలో నిలుచుట పరిపాకమున ప్రధాన ఘట్టము. ఈ కణశాఖయందు గాటా-1 లోపింపజేసిన ఎలుకలలో బృహత్కేంద్రక కణములు మితిమీరి వృద్ధిచెందినను, చిన్నవిగను అపక్వముగను నిలిచిపోవుటను 1997లో గమనించిరి. వృద్ధిని నిలుపుటయు, పరిపాకమును నడుపుటయు ఈ ఒక్క ప్రోటీను కర్తవ్యములే యని దీనిచే స్పష్టమగుచున్నది.

ఫాగ్-1: ఇది స్వయముగా గాక, గాటా-1ను ఆనుకొని పనిచేయును. ఇది లేని ఎలుక పిండములలో బృహత్కేంద్రక కణములు ఏర్పడనే ఏర్పడవు.

ఫ్లై-1, రన్‌క్స్-1: ఈట్స్ కుటుంబమునకు చెందిన ఫ్లై-1, గాటా-1తో జతగూడి అనేక ఫలకికా జన్యువుల ప్రమోటరులపై, అనగా అనులేఖనమారంభించు భాగములపై, పక్కపక్కనే అంటుకొనును, ఎర్రకణ మార్గమును నడుపు కేఎల్ఎఫ్-1కు ఇది ప్రతిద్వంద్వి. ఒకటి హెచ్చినచో రెండవది తగ్గుటచే ఉమ్మడి పూర్వకణము ఏదో ఒక మార్గమునకు కట్టుబడును. 21వ క్రోమోసోముపైనున్న రన్‌క్స్-1 కొన్ని జన్యువులను మేల్కొలుపుచు, మరికొన్నిటిని మూసివేయును.

ఎన్ఎఫ్-ఈ2: ఇది అంత్యదశకు అధిపతి. ఈ ప్రోటీను లేని ఎలుకలలో బృహత్కేంద్రక కణములు సమృద్ధిగా నున్నను, కేంద్రకములు యథావిధిగ పెరిగినను, రక్తమున ఫలకికలు లేకపోవుట 1995లో వెల్లడియై, కణము పెరుగుట వేరు, ఫలకికలను విడుచుట వేరు అను భేదము స్థిరపడెను. సూక్ష్మనాళికల నిర్మాణమునకు వలయు బీటా-1 ట్యూబ్యులిన్ జన్యువు దీని ఆజ్ఞకు లోబడినది.

వీనికి తోడు టాల్-1 మున్నగునవి సహకరించును. గాటా-1, గాటా-2, రన్‌క్స్-1, ఫ్లై-1, టాల్-1 అను అయిదును మానవ బృహత్కేంద్రక కణముల జన్యురాశిలో ఎచ్చటెచ్చట అంటుకొనుచున్నవో 2011లో సమగ్రముగా చిత్రించిరి. అవన్నియు కలిసి కూడుచోట్ల ఈ కణశాఖకు ముఖ్యమగు జన్యువులున్నట్లు తేలెను.

నిద్రించు జన్యువులు

పరిపాకమున క్రొత్త జన్యువులు మేల్కొనుట ఎంత ముఖ్యమో, పాతవి సకాలమున మౌనము వహించుటయు అంతే ముఖ్యము. మూలకణ దశకు చెందిన సీడీ34, కిట్, గాటా-2 మొదలగునవి తొలుత తగ్గును. మిబ్ అను నియామకము ఉమ్మడి పూర్వకణమును ఎర్రకణ మార్గమువైపు నడుపునది కనుక దాని క్షీణత బృహత్కేంద్రక మార్గమునకు అనుకూలించును. రన్‌క్స్-1 అణచు జన్యువులలో ముఖ్యమైనది ఎంవైహెచ్-10; ఇది కణద్రవ్యమును రెండుగా చీల్చు మయోసిన్ ప్రోటీనును నిర్మించును. ఏఎన్‌కేఆర్‌డీ-26 అను జన్యువును రన్‌క్స్-1, ఫ్లై-1 కలిసి అణచును. చివరి దశలలో డి.ఎన్.ఏ. ప్రతికృతికిని, మరమ్మతుకును సంబంధించిన జన్యువులు సహితము శాంతించును.

మేల్కొను జన్యువులు

వీనిని పనినిబట్టి నాలుగు వర్గములుగా విభజింపవచ్చును.

1. ఉపరితల గ్రాహకములు: ఫైబ్రినోజన్ గ్రాహకపు రెండు భాగములు, వాన్ విల్లిబ్రాండ్ కారక గ్రాహకపు భాగములు, కొల్లాజెన్‌ను పట్టు జీపీ-6, ఏడీపీని పట్టు పీ2వై-12 ఇందులోనివి.

2. కణికలలోని ద్రవ్యములు: ఫలకికా కారకము-4, వాన్ విల్లిబ్రాండ్ కారకము, పీ-సెలెక్టిన్ మొదలగు ప్రోటీనులు ఆల్ఫా కణికలకు చెందినవి. వీటిలో ఫలకికా కారకము-4 ఈ కణశాఖకు అంత విశిష్టము గనుక, దాని ప్రమోటరును పరిశోధకులు ఎలుకల బృహత్కేంద్రక కణములలో మాత్రమే ఒక జన్యువును మార్చుటకు సాధనముగా వాడుచున్నారు. ఫైబ్రినోజన్ మాత్రము కణము స్వయముగా తయారుచేయునది గాక రక్తమునుండి గ్రహించునది.

3. కణకంకాళము: బీటా-1 ట్యూబ్యులిన్, మయోసిన్, ఆక్టిన్ సంబంధ ప్రోటీనులు. ఆక్టిన్ సంబంధ జన్యువులపై ఎస్ఆర్ఎఫ్, ఎంకేఎల్-1 అను జంట ఏలుబడి చేయును.

4. సంకేతవాహకములు, ఎంజైములు: థ్రాంబోక్సేన్‌ను నిర్మించు ఎంజైము, కణజీవితమును కాపాడు బీసీఎల్-ఎక్స్ఎల్ మొదలగునవి. ఈ బీసీఎల్-ఎక్స్ఎల్ ప్రోటీను నిలువ తరుగుటయే ఫలకిక ఆయుర్దాయమును నిర్ణయించు గడియారము వంటిదని 2007లో నిరూపితమయ్యెను.

బహుస్థితికత

సాధారణ కణము డి.ఎన్.ఏ.ను రెట్టించుకొని రెండు కణములుగా విడిపోవును. బృహత్కేంద్రక కణమో డి.ఎన్.ఏ.ను పదేపదే రెట్టించుకొనియు విడిపోదు. సమవిభజన ప్రారంభమై, కేంద్రకము గాని కణద్రవ్యము గాని పూర్తిగా వేరుపడకముందే ఆగిపోవుటచే ద్వయస్థితిక కణము 4, 8, 16, 32, 64 క్రోమోసోము సమితుల స్థితులకు చేరును. మానవ మజ్జలో 16 స్థితి గల కణములే అధికము. ఈ ప్రక్రియకు అంతర్‌సమవిభజన యని పేరు.

దీనికి మూలము జన్యు వ్యక్తీకరణలోని మార్పే. కణద్రవ్య విభజనకు రో ఎంజైమును ఉత్తేజపరచు జీఈఎఫ్-హెచ్1, ఈసీటీ-2 అను రెండు ప్రోటీనులు ఆవశ్యకములు. మొదటిది తగ్గనిదే 2 నుండి 4 స్థితికి మార్పు జరుగదనియు, రెండవది తగ్గనిదే ఆపై స్థితులు సిద్ధింపవనియు 2012లో తేలినది. ఎంవైహెచ్-10 మౌనము వహించుటయు ఇదేవిధముగ విభజనను ఆపుటకే. మరియొకవైపు సైక్లిన్-ఇ వంటి ప్రోటీనులు డి.ఎన్.ఏ. ప్రతికృతిని కొనసాగింపజేయును.

ఇట్లు హెచ్చిన జన్యు ప్రతులు వృథాగా పడియుండునా, పనిచేయునా అను సందేహమునకు 2003లో సమాధానము లభించెను: అధికస్థితి గల కణములలోని ప్రతులన్నియు అనులేఖనమున పాల్గొనుచున్నట్లు కనుగొనిరి. కావున బహుస్థితికత యనగా జన్యువులను క్రియాత్మకముగా గుణించుట; తక్కువ కాలమున ఎక్కువ ప్రోటీనును, ఎక్కువ కణద్రవ్యమును సమకూర్చుకొను ఉపాయము. స్థితినిబట్టి కణములను వేరుచేసి పరీక్షించినపుడు, స్థితి హెచ్చుకొలది ఫలకికా జన్యువులు హెచ్చుటయు, ప్రతికృతి జన్యువులు తగ్గుటయు 2007లో కనబడినది.

అనులేఖనానంతర నియంత్రణము

ఆర్.ఎన్.ఏ. వెలువడిన పిమ్మటను నియంత్రణము సాగును. ప్రోటీనును నిర్మింపక, ఇతర ఆర్.ఎన్.ఏ.లను అణచు సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లలో మిర్-150 ఈ శాఖయందు హెచ్చి, మిబ్ రాయబారిని అణచుటద్వారా ఉమ్మడి పూర్వకణమును బృహత్కేంద్రక మార్గమునకు త్రిప్పునని 2008లో తెలిసినది. పరిపాకము సాగుకొలది మరికొన్ని సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు తగ్గిపోయి, వాటి బంధమునుండి పరిపాక జన్యువులు విముక్తములగును.

ఫలకికా జననము, ఆర్.ఎన్.ఏ. దాయము

పరిపక్వకణము మజ్జలోని రక్తకోటరముల గోడలను చేరి, వాటిగుండ పొడవైన తంతురూప శాఖలను రక్తప్రవాహములోనికి చాచును. ఈ శాఖలకు ప్రోప్లేట్‌లెట్లని పేరు. సజీవమగు ఎలుక మజ్జలో ఈ దృశ్యమును 2007లో ప్రత్యక్షముగా చిత్రించిరి. సూక్ష్మనాళికలు శాఖలను సాచును; కణికలును, ఆర్.ఎన్.ఏ.లును వాటివెంట కొనలకు ప్రయాణించును. కొనలు తెగి ఫలకికలగును. మిగిలిన కేంద్రకము నశించును.

ఫలకికకు కేంద్రకము లేదు. కనుక అది క్రొత్త ఆర్.ఎన్.ఏ.ను తన కేంద్రక జన్యువులనుండి వ్రాయజాలదు. తల్లికణము ఇచ్చిన రాయబారులే దానికి దాయము. ఆ రాయబారులనుండి ఫలకిక కొంత ప్రోటీను తయారుచేసుకొనగలుగుటయేగాక, ఆర్.ఎన్.ఏ.ను కత్తిరించి అతుకు యంత్రాంగమును సైతము కలిగియుండునని 2005లో నిరూపింపబడినది. క్రొత్తగా పుట్టిన ఫలకికలలో ఆర్.ఎన్.ఏ. ఎక్కువగా నుండుటచే, అట్టివాని శాతమును కొలిచి మజ్జ ఉత్పత్తి ఎట్లున్నదో వైద్యులు అంచనా వేయుచున్నారు.

ఉపవర్గములు, స్థానభేదములు

ఒక్కొక్క కణములోని ఆర్.ఎన్.ఏ.ను విడివిడిగా చదువు పద్ధతి వచ్చిన పిమ్మట బృహత్కేంద్రక కణములన్నియు ఒకే తీరువి కావని తేలినది. కొన్నిటియందు ఫలకికోత్పత్తి జన్యువులును, కొన్నిటియందు మూలకణములకు ఆశ్రయమిచ్చు జన్యువులును, కొన్నిటియందు రోగనిరోధక జన్యువులును ప్రబలముగా నుండును. ఊపిరితిత్తులలోను ఈ కణములు కలవు. ఎలుకలలో మొత్తము ఫలకికలలో సుమారు సగము ఊపిరితిత్తులలో విడుదలయగునని 2017లో లెక్కించిరి.

వ్యాధులు

పరిపాక సోపానములలో ఒక్కొక్కటి తప్పినచో ఏమగునో వంశానుగత వ్యాధులు చూపుచున్నవి.

గాటా-1, ఫాగ్-1ల కలయికను చెరచు ఉత్పరివర్తనముచే పెద్ద ఫలకికలు కొలదిసంఖ్యలో నుండుటయు, ఎర్రకణముల లోపమును ఒక కుటుంబమున 2000లో గుర్తించిరి. డౌన్ సిండ్రోముతో పుట్టిన శిశువులలో కొందరికి కలుగు బృహత్కేంద్రక బీజకణ లుకేమియాలో, గాటా-1 తొలి 83 అమైనో ఆమ్లములను కోల్పోయి పొట్టిరూపమున తయారగునని 2002లో కనుగొనిరి.

11వ క్రోమోసోము ముక్క లోపించిన పారిస్-ట్రూసో వ్యాధిలో ఫ్లై-1 జన్యువు ఒక్క ప్రతియే మిగులును. పరిపాకమున ఒకానొక స్వల్పదశలో ప్రతి కణమునందును ఫ్లై-1 రెండు ప్రతులలో ఒకటి మాత్రమే వ్యక్తమగుననియు, ఆ దశలో లోపించిన ప్రతి వంతు వచ్చిన కణములు ఫ్లై-1 లేక అపక్వముగ నశించుననియు, తక్కినవి యథావిధిగ పెరుగుననియు 2004లో వెల్లడియయ్యెను. ఒకే రోగి మజ్జలో రెండు తీరుల కణములుండుటకు ఇదియే కారణము.

రన్‌క్స్-1 లోపముచే ఫలకికల కొరతయు, లుకేమియా వచ్చు అవకాశమును కుటుంబములలో సంక్రమించుట 1999లో తెలిసినది. అట్టివారి ఫలకికలలో అణగిపోవలసిన ఎంవైహెచ్-10 ప్రోటీను నిలిచియుండి రోగనిర్ధారణకు గుర్తగుచున్నది. ఏఎన్‌కేఆర్‌డీ-26 ఆరంభభాగమున ఉత్పరివర్తనము కలిగినచో రన్‌క్స్-1, ఫ్లై-1 అచట అంటుకొనజాలక, ఆ జన్యువు మౌనము వహింపక, ప్రోప్లేట్‌లెట్ల నిర్మాణము దెబ్బతినును.

నియామకములేగాక అవి నడుపు జన్యువులు చెడినను వ్యాధి కలుగును. ఫైబ్రినోజన్ గ్రాహక లోపముచే గ్లాంజ్‌మన్ వ్యాధియు, వాన్ విల్లిబ్రాండ్ కారక గ్రాహక లోపముచే బెర్నార్డ్-సూలియే వ్యాధియు, ఎన్‌బీఈఏఎల్-2 లోపముచే ఆల్ఫా కణికలు లేని బూడిదవర్ణపు ఫలకికల వ్యాధియు, ఎంపీఎల్ లోపముచే జన్మతః బృహత్కేంద్రక కణములు కొరవడు వ్యాధియు కలుగును. దీనికి విరుద్ధముగ జాక్-2, ఎంపీఎల్, కాల్‌రెటిక్యులిన్ జన్యువులందు దేహకణములలో కలుగు ఉత్పరివర్తనములు ఎంపీఎల్ సంకేతమును ఎడతెగక నడిపి, ఫలకికలు మితిమీరు వ్యాధులకు హేతువులగును.

ఆర్జిత కారణములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజలకు సుపరిచితమైనది డెంగ్యూ జ్వరము. ఇందు రక్తమందలి ఫలకికలు నశించుటయేగాక, వ్యాధి తొలిదినములలో మజ్జయు అణగి ఫలకికోత్పత్తి మందగించును, జ్వరము తగ్గునప్పటికి మజ్జ కోలుకొనును (చూ. డెంగ్యూ).

పరిశోధన పద్ధతులు

బొడ్డుతాడు రక్తమునుండి సీడీ34 కణములను వేరుచేసి, థ్రాంబోపోయటిన్ కలిపి సుమారు రెండువారములు పెంచుట ప్రధాన పద్ధతి. వేలాది జన్యువుల ఆర్.ఎన్.ఏ.ను ఒక్కసారి కొలుచు మైక్రోఅరేలు మొదట వాడుకలోనుండి, పిదప ఆర్.ఎన్.ఏ. క్రమనిర్ణయమునకు స్థానమిచ్చినవి. వేలాది జనుల జన్యురాశులను పోల్చి, ఫలకికల సంఖ్యతోను పరిమాణముతోను సంబంధము గల 68 జన్యుస్థానములను 2011లో ప్రకటించిరి. వాటిలో పెక్కు ఈ కణపరిపాకమునకు సంబంధించినవే.

ప్రయోజనము

ఎంపీఎల్ గ్రాహకమును ప్రేరేపించు రోమిప్లోస్టిమ్, ఎల్ట్రాంబోపాగ్ అను ఔషధములకు 2008లో అమెరికాలో అనుమతి లభించెను. స్వరోగనిరోధక కారణముచే ఫలకికలు తగ్గినవారికి ఇవి ఉపయోగపడుచున్నవి. నియామకముల జ్ఞానమునుండియే మరియొక మార్గము తెరువబడెను: గాటా-1, ఫ్లై-1, టాల్-1 అను మూడు జన్యువులను మాత్రమే బలవంతముగ వ్యక్తపరచినచో మానవ బహుసమర్థ మూలకణములు బృహత్కేంద్రక కణములుగా మారునని 2016లో ఇంగ్లండు పరిశోధకులు చూపిరి. జపాను దేశమున క్యోటో పరిశోధకులు అంతకుముందే 2014లో నిరంతరము వృద్ధిచెందు బృహత్కేంద్రక కణపరంపరను నిర్మించియుండిరి. ఇతరుల ఫలకికలను దేహము తిరస్కరించుచున్న ఒక రక్తహీనతా రోగికి, ఆ రోగి కణములనుండియే ప్రయోగశాలలో తయారుచేసిన ఫలకికలను ఎక్కించిన వృత్తాంతమును వారు 2022లో ప్రకటించిరి. దాతలనుండి సేకరించిన ఫలకికలు సాధారణ పద్ధతిలో నిలువయుండునది కొలది దినములు మాత్రమే గావున ఇట్టి ప్రయత్నములకు ప్రాధాన్యము కలిగినది.